బస ఖర్చు: సున్నా

ముందే చెప్పేస్తున్నాను, నేను తరంగంబాడి చేరలేదు. కావలి వెళ్ళేసరికి మోకాలు బూరెలా వాచింది. సైకిల్‌ని రైలెక్కించి నేనూ ఎక్కి తెనాలి వచ్చేశాను. కాబట్టి ఆరువందల తొంభై కిలోమీటర్లు తొక్కేసిన ఆడమనిషి సాహసం వినాలని కూర్చున్నవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. నేను చెప్పబోయేది ఆ నవంబరు నుంచి జనవరి దాకా మా ఇంట్లో ఒక కాగితం మీద, అందులోనూ ఒకే ఒక్క పద్దు మీద నడిచిన గొడవ. ఆ పద్దు పేరు బస ఖర్చు.

నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. పద్దెనిమిదేళ్ళుగా నాది ప్రయాణ భత్యాల సీటు. ఎవరు ఏ ఊరు క్యాంపు వెళ్ళినా తిరిగొచ్చాక ఆ టీఏ బిల్లు నా బల్ల మీద పడాల్సిందే. బాపట్ల నుంచి మద్రాసు దాకా ఏ లాడ్జీలో సింగిల్ రూము ఎంతో, ఎక్కడ వేడినీళ్ళకి విడిగా గుంజుతారో, ఎవరి రసీదు పుస్తకంలో నంబర్లు వరసగా ఉండవో నాకు నోటికొచ్చు. అన్ని లాడ్జీలు తెలిసిన నేను ఒక్కదాని గడప కూడా తొక్కలేదు. లాడ్జీ దాకా ఎందుకు, నలభై నాలుగేళ్ళొచ్చినా ఒక గదిలో నేనొక్కదాన్నే పడుకున్న రాత్రంటూ లేదు. పుట్టింట్లో నలుగురు అక్కచెల్లెళ్ళం ఒకే చాప మీద. తర్వాత హాస్టల్లో గదికి ఎనిమిదిమంది. ఆ తర్వాత పెళ్ళి.

ఒకసారి వెంకటరత్నం గారని మా ఇంజనీరు ఒకాయన నెల్లూరు క్యాంపు బిల్లు పెట్టారు. లాడ్జీ రసీదు చూస్తే జేబులో పెట్టుకున్న మడత కూడా లేదు.

"నిజంగా లాడ్జీలోనే ఉన్నారా సార్?" అన్నాను.

ఆయన చెవి గోక్కున్నారు. "తోడల్లుడి ఇంట్లో ఉన్నానమ్మా."

బంధువుల ఇంట్లో ఉంటే బస ఖర్చు ఇవ్వం. ఎర్రసిరాతో కొట్టేశాను. ఆయన పాపం నొచ్చుకోలేదు. "కొట్టెయ్యండి, తప్పు నాదే. కానీ ఆ రెండు రోజులకీ లాడ్జీకంటే ఎక్కువే వదిలింది నాకు" అన్నారు. ఆఫీసంతా నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

ఇక సైకిల్ సంగతి. షుగరు అంటుకుందని డాక్టరమ్మ రోజూ నడవమంది. మా పేటలో నడవడమంటే గుమ్మం గుమ్మానికీ ఆగి కుశలం చెప్పుకోవడం. అరగంటలో అరఫర్లాంగు కూడా సాగదు. అందుకని మార్కెట్ దగ్గర సైదావలి కొట్లో గేర్ల సైకిల్ కొన్నాను. సైకిల్ మీద పోయేదాన్ని ఎవరూ ఆపలేరు, మహా అయితే చెయ్యి ఊపుతారు. నాకు ఆ రుచి తగులుకుంది. ప్రతి రెండో శనివారం తెల్లవారగానే బయల్దేరి కొల్లూరు దాకా తొక్కి, లంకల్లోంచి గట్టెక్కే అరటిగెలల ట్రాక్టర్లని కాసేపు చూసి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా తిరిగొచ్చేదాన్ని. ఆ నాలుగు గంటలూ నావి.

నవంబరులో డీఏ బకాయి పడింది. ఆ డబ్బుతో తరంగంబాడి వెళ్ళాలనుకున్నాను. తమిళనాడులో, మా లూథరన్ల మొదటి మిషనరీలు దిగిన ఊరది. చిన్నప్పుడు సండేస్కూల్ పుస్తకంలో సముద్రం ఒడ్డున దాని కోట బొమ్మ చూశాను. జనవరి ఆఖర్లో సెలవు పెట్టి, రోజుకి డెబ్భై ఎనభై కిలోమీటర్లు తొక్కి, రాత్రికో ఊళ్ళో ఆగుతూ పోవాలని ప్లాను. ఆఫీసులో తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీసి బడ్జెట్ రాశాను. బస, తొమ్మిది రాత్రులకి తొమ్మిది వేల తొమ్మిదొందలు. భోజనాలు మూడు వేల ఆరొందలు. టైర్లు, ట్యూబులు, మరమ్మతు రెండున్నర వేలు. తిరుగు రైలు, సైకిల్‌కి లగేజీ టిక్కెట్టు కలిపి పదకొండొందలు. చిల్లర ఖర్చు పదిహేనొందలు. మొత్తం పద్దెనిమిది వేల ఆరొందలు. ఎవరడిగినా కోట చూడ్డానికని చెప్పాను. నాకు కావాల్సింది ఆ మొదటి పద్దేనని ఎవరికీ చెప్పలేదు.

మా ఇల్లు రెండు గదులూ ఒక హాలూ. ముందుగది మామయ్యగారిది. లోపలి గది మా అమ్మాయి హెప్సిబాకి, ఇంటరు చదువుకని ఇచ్చేశాం. హాల్లో దివాను మీద నేను, మడతమంచం మీద మా ఆయన కిరణ్. కిరణ్ జూనియర్ కాలేజీలో లెక్చరరు. మంచివాడే. ఏది అడిగినా "నాన్నకి ఒక మాట చెప్పు" అంటాడు, అదొక్కటే రోగం.

"తొమ్మిది రోజులు ఒక్కదానివేనా?" అన్నాడు కాగితం చూసి.

"ఒక్కదాన్నేనండి."

"సరే. నాన్నకి ఒక మాట చెప్పు."

మామయ్యగారి పేరు మత్తయి. హెడ్మాస్టరుగా రిటైరై ఇరవై ఏళ్ళయినా చొక్కా జేబులో ఎర్రకలం లేకుండా గది దాటరు. పేపరు చదివినా అందులో తప్పులు దిద్దుతారు. ఆయన వద్దంటే ఏం చెప్పాలో నాలుగు రోజులు మాటలు కూర్చుకున్నాను. ఆయన కాగితం ఆసాంతం చదివి, కళ్ళద్దాలు తీసి, "తరంగంబాడా. మంచి తలంపమ్మా. వెళ్ళిరా" అన్నారు. నేను కూర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

అప్పుడు కలం మూత తీశారు.

"బాపట్లలో మా దానమ్మక్క ఉండగా లాడ్జీ ఏంటమ్మా?" ఒక గీత. "ఒంగోల్లో నా దగ్గర చదువుకున్న యలమంద ఉన్నాడు. వాడికి తెలిస్తే ఊరుకుంటాడా?" ఇంకో గీత. "కావల్లో మీ అత్తయ్య మేనకోడలు." కావలీ పోయింది. నెల్లూరు, సూళ్ళూరుపేట, మద్రాసు, అన్నిచోట్లా మనవాళ్ళే. మహాబలిపురంలో ఎవరూ లేరని నా ప్రాణం లేచొచ్చేలోపు అక్కడ చర్చి సంఘం వాళ్ళ గెస్ట్‌హౌస్ ఉండే ఉంటుందన్నారు. కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేసరికి తొమ్మిది ఎర్రగీతలు పడ్డాయి. బస ఖర్చుకి ఎదురుగా గుండ్రంగా సున్నా చుట్టి, కింద సంతకం పెట్టి, నాకు పెద్ద ఉపకారం చేసినట్టు కాగితం చేతికిచ్చారు.

"పదివేలు మిగిలాయి చూశావా" అన్నారు.

వెంకటరత్నం గారి బిల్లు మీద నేను కొట్టిన గీత గుర్తొచ్చింది.

ఆ మర్నాటి నుంచి ఫోన్లు. బాపట్ల దానమ్మత్తయ్య తన మంచం పక్కనే నాకు మంచం వేయిస్తానంది. రేపల్లెలో ఉన్న మామయ్యగారి చెల్లెలు అన్నమ్మత్తయ్యకి కోపమొచ్చింది. "బాపట్ల అక్క గుమ్మం తొక్కుద్దంటగా. నా గుమ్మానికేం తెగులు?" అందట. దాంతో తెనాలి నుంచి తిన్నగా బాపట్ల పోవాల్సినదాన్ని ముందు రేపల్లె వెళ్ళి అక్కడో రాత్రి ఉండాలన్నారు. రేపల్లె నుంచి బాపట్ల దారిలో పిట్టలవానిపాలెంలో వేలువిడిచిన మేనమామ గారింట్లో మధ్యాహ్న భోజనం. నాటుకోడి కోస్తారట, మధ్యాహ్నం రెండయ్యేదాకా లేవనివ్వరట. ఒంగోలు యలమంద వాళ్ళింట్లో ప్రార్థన కూటం పెట్టిస్తాడట, ఆ పూట బయల్దేరితే బాగోదట. తొమ్మిది రోజులు కాస్తా పద్నాలుగయ్యాయి.

ఉత్త చేతులతో ఎవరింటికీ వెళ్ళం కదా. పదకొండు ఇళ్ళకి స్వీట్లు, పళ్ళు, పసిపిల్లలుంటే గౌన్లు. వాళ్ళు తిరిగి పెట్టే పచ్చళ్ళు, అప్పడాలు, చీరలు. సైకిల్ మీద ఇవన్నీ ఎలా మోస్తానన్నాను. కిరణ్ వెనకాల మోటార్‌సైకిల్ మీద వస్తాడని తీర్మానం చేశారు. కిరణ్ నావైపు చూసి, "తోడుగా ఉంటాన్లే" అన్నాడు.

మళ్ళీ కూర్చుని లెక్క కట్టాను. బస సున్నా. భోజనాలు ఆరొందలు చాలు. మరమ్మతు, రైలు, చిల్లర మామూలే. ఇళ్ళకి తీసుకెళ్ళేవి పదకొండున్నర వేలు. పెట్రోలు మూడు వేల నాలుగొందలు. మొత్తం ఇరవై వేల ఆరొందలు తేలింది. లాడ్జీల్లో దర్జాగా ఉన్నదానికంటే రెండు వేలు ఎక్కువ. ఇంత బలమైన కాగితం పద్దెనిమిదేళ్ళలో నా చేతికి రాలేదు. ఇక మామయ్యగారు ఏమంటారో చూద్దామనుకున్నాను.

అది క్రిస్మస్ నెల మొదటి ఆదివారం. గుడి నుంచి వచ్చాక కిరణ్ స్టూలెక్కి గుమ్మానికి నక్షత్రం కడుతున్నాడు. మామయ్యగారు కలం మూత తీసి కాగితం చూశారు, ఏమీ దిద్దకుండానే పక్కన పెట్టేశారు.

"డబ్బు సంగతి ఎవరడిగారమ్మా? మనుషులు ముఖ్యం. అంతదూరం మన రక్తం పరుచుకుని ఉంటే, దిక్కులేనిదానిలా లాడ్జీలో ఉంటావా?"

నాకు లెక్క తప్ప ఇంకో ఆయుధం లేదు. అది కాస్తా పోయాక ఉన్నమాటే చెప్పాల్సొచ్చింది.

"మామయ్యగారూ, నాకు లాడ్జీయే కావాలండి."

"ఎందుకు?"

"లోపల గడియ పెట్టుకుని ఒక్కదాన్నే పడుకోవాలండి. నన్నెవరూ లేపకూడదు."

స్టూలు మీద కిరణ్ చెయ్యి నక్షత్రం దగ్గరే ఆగిపోయింది. మామయ్యగారు కలం మూత పెట్టారు. "మా ఇంట్లో నీకు అంత కష్టంగా ఉందా?" అన్నారు.

"కష్టం కాదండి" అన్నాను.

సోమవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో దివాను మీద మామయ్యగారి దుప్పటి, తలగడ, బైబిలు ఉన్నాయి. ముందుగది తలుపుకి కొత్త గడియ, కొత్త తాళం. ఆయన పొద్దున్నే వడ్రంగిని పిలిపించి దగ్గరుండి వేయించారట. నా చెయ్యి పట్టుకుని అరచేతిలో తాళంచెవి పెట్టారు.

"లోపల గడియ కూడా కొత్తదే వేయించానమ్మా. ఈ గది ఇక నీది. ఊళ్ళమ్మట లాడ్జీలెందుకు?"

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన పడుకున్న గది. అత్తయ్యగారు కన్నుమూసిన గది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి ఖాళీ చేసి నాకిచ్చేశారు. కోపంతో ఇచ్చుంటే పోట్లాడేదాన్ని. ఆయన మొహంలో కోపం లేదు, సమస్య తీర్చేశానన్న సంతోషం ఉంది. ఆ తాళంచెవితో నన్ను శాశ్వతంగా ఇంట్లో పెట్టి తాళం వేసేశారని అప్పుడే అర్థమైంది.

వద్దంటే వినలేదు. ఆ రాత్రి గడియ పెట్టుకుని పడుకున్నాను. తలుపవతల మామయ్యగారి దగ్గు. చలికాలం ఆయనకి మామూలే. కానీ నా నిద్ర చెడకూడదని తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గుతున్నారు. ఆ నొక్కిపెట్టిన దగ్గు మామూలు దగ్గుకంటే ఘోరంగా వినపడింది. హెప్సిబా మంచినీళ్ళకొస్తే కిరణ్ గుసగుసగా, "మెల్లగా, అమ్మ పడుకుంది" అన్నాడు. ఇంటిల్లిపాదీ నా నిద్రకి కాపలా కాస్తుంటే నేను కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకున్నాను.

పొద్దున తలుపు తీయగానే మామయ్యగారు, "నిద్ర పట్టిందామ్మా?" అన్నారు.

"పట్టిందండి."

కిరణ్ అడిగాడు. హెప్సిబా అడిగింది. పక్కింటి రత్నం పిన్ని గోడమీంచి అడిగింది. రెండో ఆదివారం గుడి మెట్ల దగ్గర ఒకావిడ నా చీర కొంగు సర్దుతూ, "మీ మామగారు హాల్లోకి మారారంట కదా" అంది. ఆ రోజంతా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

గది ఇచ్చాక ప్రయాణం ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. ఏ మొహంతో ఎత్తను? సైకిల్ వరండాలో నిలబెట్టేశాను. క్యారల్స్ పిల్లలు దాని హ్యాండిల్‌కి బుడగలు కట్టారు. సైదావలి ఫోను చేశాడు. "అక్కా, టైర్లొచ్చినాయి. ఎప్పుడు తెస్తావు సైకిలు?"

"ఉంచు సైదావలీ. చెప్తాను."

"జనవరికి వెళ్తానన్నావుగా అక్కా?"

"చెప్తానన్నాగా" అని విసుక్కుని పెట్టేశాను. తర్వాత ఆఫీసు బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఇంట్లో ఏడవడానికి గది ఉంది కానీ, అందులోకి వెళ్ళి తలుపేస్తే అందరూ పడుకున్నాననుకుని గొంతులు తగ్గిస్తారు.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు పొద్దున్నే తలుపు తీసేసరికి మామయ్యగారు దివాను మీద లేచి కూర్చుని ఉన్నారు. కళ్ళు ఎర్రబడ్డాయి. రాత్రి మూడు జట్లు క్యారల్స్‌కి వచ్చాయి. మూడు జట్లకీ ఆయన లేస్తే గానీ కుర్చీలు వేయడానికి చోటు లేదు. కాఫీ ఇచ్చాను.

"ఈ ఫ్రిజ్జు రాత్రంతా ఇలాగే కొట్టుకుంటదా?" అన్నారు.

"అవునండి."

"ఆ పాలబ్బాయి నాలుగున్నరకే గేటు మోగిస్తున్నాడు."

"నేనే లేచి తీసుకునేదాన్నండి రోజూ. ఇక్కడ పడుకోబట్టి మీరు లేవాల్సొస్తోంది."

ఆయన రెండు గుక్కలు తాగారు. "వీధిలైటు సరిగ్గా కళ్ళల్లో పడతంది."

"తలగడ గోడవైపు తిప్పుకుంటే కొంచెం నయమండి. మీకు ముందే చెప్పాల్సింది."

ఆయన తల తిప్పి తలగడ వైపు చూశారు. గోడ వైపు చూశారు. ఆ గోడ మీద తలగడ ఆనే చోట నా తలనూనె మరక పెద్దగా, నల్లగా ఉంది.

"ఎన్నేళ్ళయింది నువ్విక్కడ పడుకోబట్టి?"

"అత్తయ్యగారు మంచాన పడ్డప్పటినుంచండి. పిలిస్తే వినపడాలి కదా. ఆ తర్వాత అలాగే అలవాటైపోయింది. తొమ్మిదేళ్ళు."

కాఫీ తాగి, లేచి, వంటింట్లోకి వెళ్ళి గ్లాసు కడిగి బోర్లించారు. ఆయన గ్లాసు కడగడం నేను ఆ ఇంట్లో చూడటం అదే మొదలు.

క్రిస్మస్ వెళ్ళిన మూడోరోజు మామయ్యగారు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి రేపల్లె వెళ్ళొచ్చారు. సాయంత్రం మొహం వాడ్చుకుని దిగారు. ఏమైంది నాన్నా అని కిరణ్ అడిగితే, "చెల్లెలు కదరా, నాలుగు తిట్టింది. తిట్టనీ" అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. దేనికి తిట్టిందో చెప్పలేదు.

జనవరి ఒకటిన గుడి నుంచి వచ్చాక మా ఇంట్లో వాగ్దాన కార్డులు పంచుతారు. వాక్యాలు రాసిన కార్డులు పళ్ళెంలో బోర్లించి పెడితే తలా ఒకటి తీసుకోవాలి, ఆ ఏడాదికి అదే మన వాక్యం. మామయ్యగారు పళ్ళెం అందరి ముందూ తిప్పారు. నా దగ్గరికొచ్చేసరికి పళ్ళెం కింద పెట్టి, బైబిల్లోంచి ఒక మడత కాగితం తీసి ఇచ్చారు.

నా మొదటి బడ్జెట్ కాగితం. తొమ్మిది ఎర్రగీతలూ అలాగే ఉన్నాయి. ఒక్కో గీత పక్కన నీలంసిరాతో, హెడ్మాస్టరు దస్తూరీలో, నేను రాసిన అంకె మళ్ళీ రాసి ఉంది. సున్నాని అడ్డంగా కొట్టేసి తొమ్మిది వేల తొమ్మిదొందలు వేశారు. కింద ఒక వరస. "బంధువులకు నేను చెప్పుకుంటాను. మత్తయి."

నేను కాగితంలోంచి తల ఎత్తలేదు. ఎత్తితే అందరి ముందూ ఏడ్చేస్తానని తెలుసు. "ముందు మీరు మీ గదిలోకి మారండి" అన్నాను. తాళంచెవి తెచ్చి ఆయన బైబిలు మీద పెట్టాను. ఈసారి ఆయన వద్దనలేదు. ఆ రాత్రి నుంచి దివాను మీద మళ్ళీ నేనే. కిరణ్ మాత్రం నాన్నకి ఒక మాట చెప్పకుండానే మెకానిక్‌ని పిలిచి ఫ్రిజ్జు బాగుచేయించాడు. పాలబ్బాయి గేటు మోగిస్తే ముందుగదిలోంచి మామయ్యగారు లేచి వెళ్తున్నారు.

జనవరి ఆఖరి శనివారం తెల్లవారాక బయల్దేరాను. సైదావలి కొత్త టైర్లు బిగించి, పంక్చరు వేసుకోవడం నాచేత మూడుసార్లు చేయించి పంపాడు. కిరణ్ గేటు దాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయాడు. పొన్నూరులో ఇడ్లీలు తిని, దారిలో రెండుసార్లు ఆగి, మధ్యాహ్నానికి బాపట్ల చేరాను. దానమ్మత్తయ్య వాళ్ళ వీధి మలుపొచ్చింది. తల వంచుకుని, దొంగలా, ఆ మలుపు దాటించాను సైకిల్‌ని.

ఆ లాడ్జీ పేరు నాకు రసీదుల మీద పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. లోపల ఇంత ఇరుకని తెలీదు. కౌంటర్లో పెద్దాయన రిజిస్టరు తిప్పి నా ముందు పెట్టాడు. పేరు, ఊరు, వచ్చిన పని రాశాను.

"ఎంతమందండి?"

"ఒక్కదాన్నే."

ఆయన నా భుజం మీదుగా వీధిలోకి చూశాడు. "వెనకాల ఎవరన్నా వస్తున్నారా అమ్మా?"

"ఎవరూ రారండి."

మనుషులు అన్న గడిలో ఒకటి వేసుకుని, తాళంచెవి ఇచ్చాడు. రసీదు కావాలా అన్నాడు. ఇవ్వమన్నాను. వేల రసీదులు చూసుంటాను, నా పేరు రాసిన రసీదు అదే మొదటిది. తప్పులేమన్నా ఉన్నాయేమోనని అలవాటు కొద్దీ రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి, జేబులో పెట్టుకున్నాను.

మేడ మీద ఆరో నంబరు గది. మంచం, కుర్చీ, గోడకో అద్దం, చప్పుడు చేసే ఫ్యాను. లోపలికి వెళ్ళి గడియ పెట్టాను. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. చెప్పులు విప్పి మంచం మీద వెల్లకిలా పడుకుని, చెవులు రిక్కించి చాలాసేపు విన్నాను.

బయట ఎవరూ దగ్గలేదు.